క్రిస్టఫర్‌కి లెక్కలు రాకపోయి ఉంటే మనం ఆ నవల చదివేవాళ్లమా?

అలలపక్క_ఇల్లు · శనివారం, రాత్రి 9:42

మార్క్ హాడన్ రాసిన ‘ది క్యూరియస్ ఇన్సిడెంట్ ఆఫ్ ది డాగ్ ఇన్ ది నైట్-టైమ్’ గురించి రాస్తున్నాను. 2003లో వచ్చిన నవల, ఇక్కడ చాలామంది చదివే ఉంటారు. కథ మొత్తం బయటపెట్టేస్తాను, చదవనివాళ్లు ఇక్కడే ఆగండి.

చదివి మరిచిపోయినవాళ్ల కోసం రెండు ముక్కలు. ఇంగ్లండ్‌లో స్విండన్ అనే ఊరు. పదిహేనేళ్ల క్రిస్టఫర్ నాన్నతో ఉంటాడు. అమ్మ గుండెపోటుతో పోయిందని నాన్న చెప్పాడు. ఒక అర్ధరాత్రి దాటిన 7 నిమిషాలకి ఆ వీధిలో ఉండే మిసెస్ షియర్స్ కుక్క, తోటపని చేసే ముళ్ల పార దిగబడి చచ్చిపడి ఉంటుంది. ఎవరు చంపారో కనిపెడతానని క్రిస్టఫర్ బయలుదేరతాడు. కుక్కని చంపింది నాన్నే. అమ్మ చనిపోనూ లేదు, లండన్‌లో ఉంది. ఆమె రాసిన ఉత్తరాలన్నీ నాన్న దాచిపెట్టాడు.

నాకు ఈ పుస్తకం విశాఖ ఏయూలో ఎమ్మే చదివేటప్పుడు వచ్చింది. మా తమ్ముడికి ఆటిజం అని తెలిసిన స్నేహితురాలు పుట్టినరోజుకి ఇచ్చింది. “మీ వాడి కథే ఇది” అంది. మనసు మంచిదే దానిది. ఆ రాత్రి సగం దాకా చదివి, మూసేసి, బీరువాలో బట్టల అడుగున పెట్టేశాను. పదకొండేళ్లు మళ్లీ ముట్టుకోలేదు. పోయిన నెల ఎంవీపీ కాలనీలోనే ఇల్లు మారుతుంటే బయటపడింది. ఈసారి మొత్తం చదివాను, రెండుసార్లు.

మా తమ్ముడికి ఇప్పుడు 24. వాడికి ప్రధాన సంఖ్యలు రావు. అంకెలు ఇరవై దాకా చెబుతాడు, అందులో పదమూడు వదిలేస్తాడు. మాటలు ఒక నలభై ఉంటాయేమో. రోడ్డు దాటేటప్పుడు నా చున్నీ కొస రెండు వేళ్లతో పట్టుకుంటాడు, చెయ్యి మాత్రం పట్టుకోనివ్వడు. నేవీ డే ముందు వారం రిహార్సల్స్‌లో యుద్ధ విమానాలు ఇంటిమీదుగా వెళ్తే మంచం కిందికి దూరి దిండు తలమీద నొక్కుకుంటాడు. డిసెంబర్ 4 దాటేదాకా మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్ర ఉండదు.

అప్పట్లో పుస్తకం ఎందుకు మూసేశానో చెప్తాను. అనకాపల్లిలో ఒక పెళ్లి. వరసకి పెదనాన్న అయ్యే ఆయన తమ్ముడి ముందు కుర్చీ లాక్కుని కూర్చుని, “ఏరా, 37ని 48 పెట్టి గుణిస్తే ఎంత? ఇలాంటి పిల్లలు టక్కున చెప్పేస్తారంట కదా” అన్నారు. పక్కనే బ్యాండు. తమ్ముడు చెవులు రెండూ మూసుకున్నాడు. వినపడలేదేమో అనుకుని ఆయన ఇంకా గట్టిగా అడిగారు. అమ్మ నవ్వి, “వాడికి లెక్కలు రావు బావగారూ” అంది. “మరి ఇంకేం వచ్చు?” అన్నారు. అమ్మ ఆకులోని బూరె తీసి వాడి చేతిలో పెట్టింది, ఇక తల ఎత్తలేదు.

ఆ ప్రశ్న ఈ ఒక్క నవల వల్లే పుట్టిందని అనను. సినిమాలూ సీరియల్సూ అన్నిటి పాత్రా ఉంది. కానీ హాడన్ క్రిస్టఫర్‌కి 7,057 దాకా ప్రధాన సంఖ్యలు కంఠతా ఇచ్చాడు, ప్రపంచంలోని దేశాలూ రాజధానులూ ఇచ్చాడు, చివర ఏ-లెవెల్ (మన ఇంటర్ లాంటి పరీక్ష) మ్యాథ్స్‌లో ఏ గ్రేడు ఇచ్చాడు. అది తీసేస్తే ఆ అబ్బాయిమీద మనకి ఇంత ఇష్టం కలిగేదా? ఇదే నా బాధ. మా తమ్ముడు ఇష్టపడదగినవాడు కావడానికి వాడి దగ్గర చూపించే వస్తువేదీ లేదు.

రెండోసారి చదివినప్పుడు మాత్రం ఒకచోట ఏడుపు ఆగలేదు. క్రిస్టఫర్‌ని ఎవరూ ముట్టుకోకూడదు, కౌగిలించుకోకూడదు. అందుకని తండ్రి కుడిచేయీ, కొడుకు ఎడమచేయీ ఎత్తి, వేళ్లు విసనకర్రలా విప్పి, వేలి కొసలు వేలి కొసలకి ఆనిస్తారు. అదే వాళ్ల కౌగిలింత. చున్నీ కొస గుర్తొచ్చింది నాకు. ఆ ఒక్క సైగ కనిపెట్టినందుకు ఆయనకి దణ్ణం పెట్టాలనిపించింది. మీరేమంటారో చెప్పండి.

లెక్కల_మాస్టారు · శనివారం, రాత్రి 10:30

అమ్మా, నీ పోస్టు చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ఆ పెళ్లిలో అడిగినాయన లాంటివాళ్లు మా ఇంట్లోనూ ఉన్నారు. లెక్కలు చెప్పుకుని బతికినవాడిగా, లెక్కని పరీక్షగా వాడి ఒక బిడ్డని బాధపెట్టడం నాకు సిగ్గుగా ఉంది.

అయినా ఒక మాట. నవల్లో లెక్కలు ప్రదర్శన కోసం పెట్టాడని నాకు అనిపించలేదు. ఆ అబ్బాయి అధ్యాయాలకి 1, 2, 3 అని కాకుండా 2, 3, 5, 7 అని వేస్తాడు. ఆఖరిది 233. కూర్చుని లెక్కపెట్టాను, మొత్తం 51 అధ్యాయాలు అవుతాయి. ఇంట్లో ఏది నిజమో ఏది అబద్ధమో తెలియని పిల్లాడికి, ఎవరూ మార్చలేనిది ఒక్కటి కావాలి. 233 ఇవాళా ప్రధాన సంఖ్యే, రేపూ అంతే. వాళ్ల నాన్న దాన్ని దాచలేడు.

101వ అధ్యాయంలో మూడు తలుపుల లెక్క ఉంటుంది. ఒక తలుపు వెనుక కారు, రెండింటి వెనుక మేకలు. మీరు ఒకటి ఎంచుకుంటారు. ఏ తలుపు వెనుక ఏముందో తెలిసినాయన మిగతా రెండింటిలో మేక ఉన్నదాన్ని తెరిచి, “మారతారా?” అని అడుగుతాడు. చాలామంది సగం సగం అవకాశమే కదా, మారితే ఎంత మారకపోతే ఎంత అంటారు. కాదు, మారితే మూడింట రెండు వంతులు. ఇది ఒక పత్రికలో తన శీర్షికలో రాసిన మార్లిన్ వాస్ సావంత్ అనే ఆవిణ్ణి చదువుకున్నవాళ్లే తప్పుపట్టారు. మనసుకి తోచింది నిజం కానక్కరలేదని క్రిస్టఫర్ మనకి చెబుతున్నాడు. అతను తేడా అని అనుకునేవాళ్లకి అది గట్టి జవాబు.

పుస్తకం చివర అనుబంధంలో ఒక లెక్క సాధించి చూపిస్తాడు. ఒకటికన్నా పెద్ద అంకె ఏదైనా తీసుకోండి. దాని వర్గానికి ఒకటి కలిపితే ఒక భుజం, వర్గంలోంచి ఒకటి తీసేస్తే ఇంకో భుజం, అంకెని రెట్టింపు చేస్తే మూడోది. ఆ త్రిభుజం తప్పకుండా లంబకోణ త్రిభుజమే. 2 అనుకుంటే 5, 3, 4. 3 అనుకుంటే 10, 8, 6. మా పదో తరగతి పిల్లలకి ఇది బోర్డుమీద వేసేవాణ్ణి. కథ అయిపోయాక కూడా ఒక పిల్లాడు తనకి ఇష్టమైనదాన్ని మనకి చూపించాలని ఆగాడంటే, అది నాకు ప్రేమగానే కనిపించింది.

ఎర్రమట్టి_దిబ్బలు · ఆదివారం, ఉదయం 7:15

నేను ఇంగ్లిష్ లిటరేచర్ స్టూడెంట్‌ని. అక్కా, మీ అనుభవం ముందు నేను చెప్పేది చిన్నదే, కానీ పుస్తకం వైపు నుంచి ఒకరైనా మాట్లాడాలి.

ఈ పేరు షెర్లాక్ హోమ్స్ కథ ‘సిల్వర్ బ్లేజ్’ నుంచి వచ్చింది. అందులో రాత్రిపూట కుక్క ఏం చేసిందన్నది ప్రశ్న. ఏమీ చేయలేదు, మొరగలేదు. అదే ఆధారం. ఇక్కడా అంతే. క్రిస్టఫర్ చూసినవన్నీ చెబుతాడు, వాటి అర్థం మాత్రం మనమే అందుకోవాలి. నాన్న బెడ్‌రూమ్‌లో దొరికిన ఉత్తరాలు చదివి అతను వాంతి చేసుకుని పడిపోతాడు. “నాకు దుఃఖం వచ్చింది” అని ఒక్క మాట ఉండదు. ఇంకెవరు రాసినా ఆ మాట రాసేవాళ్లు. రాయకపోవడం వల్లే అది నా గొంతులో అడ్డుపడింది.

దీన్ని పెద్దలకి ఒక ముద్రణ, పిల్లలకి ఒక ముద్రణ అని ఒకేసారి తెచ్చారు. ఆ ఏడాది విట్‌బ్రెడ్ బుక్ ఆఫ్ ది ఇయర్ అనే బ్రిటిష్ సాహిత్య బహుమతి వచ్చింది. ఇదంతా ఆటిజం గురించి పాఠం చెప్పినందుకు ఇచ్చింది కాదు. ఒక గొంతుని చివరిదాకా ఎక్కడా జారకుండా పట్టుకున్నందుకు. కథలో మనిషి తన జాతి మొత్తానికి ప్రతినిధిగా నిలబడాలంటే ఇక ఎవరూ కథ రాయలేరు.

బడిగంట · ఆదివారం, ఉదయం 11:05

పద్నాలుగేళ్లుగా ఇలాంటి పిల్లలతో పనిచేస్తున్నాను. ముందు పుస్తకం గురించి ఒక నిజం. నవల లోపల క్రిస్టఫర్‌కి ఏ పేరూ లేదు. ఆటిజం అని గానీ ఆస్పర్జర్స్ అని గానీ ఎక్కడా రాయలేదు. ఆ మాట అట్టమీద వేశారు. తను ఈ విషయంలో నిపుణుణ్ణి కాదని, అట్టమీద ఆ మాట వేయడం తప్పైందని హాడనే తర్వాత చెప్పుకున్నాడు. 2013లో వచ్చిన అమెరికన్ మానసిక వైద్యుల వర్గీకరణలో ఆస్పర్జర్స్ అనే విడి పేరే తీసేసి, అంతా ఆటిజం స్పెక్ట్రమ్ కిందికి తెచ్చారు. అలలపక్క గారూ, మీ తమ్ముడూ క్రిస్టఫరూ ఇప్పుడు ఒకే పేరు కింద ఉన్నారు. అసాధారణమైన లెక్కల ప్రతిభ లాంటివి ఉండేది కొద్దిమందికే. నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది మొదటి రోజే అడిగేది మాత్రం అదే: “మావాడిలో దాగి ఉన్న టాలెంట్ ఏంటి మేడమ్?” నేనేదో తాళంచెవి దాచుకున్నట్టు నా మొహంలోకి చూస్తారు. వాళ్లకి ఏం చెప్పాలో ఇన్నేళ్లైనా నాకు తేలిగ్గా లేదు.

నాకు ఈ నవల్లో నచ్చింది క్రిస్టఫర్‌కన్నా అతని టీచర్ షివాన్. ‘గడ్డిమీద నడవరాదు’ అని బోర్డు పెడితే ఏ గడ్డిమీద, ఎంతమేర అన్నది చెప్పరు కదా అని అతనికి చిక్కు. ‘మాట్లాడకు’ అంటే ఎంతసేపు అన్నది తెలియదు. షివాన్ ఆ ఎంతసేపు అన్నదీ కలిపి చెబుతుంది. మన భాషలో ‘కాసేపు’ అనే మాట ఉంది చూశారా, దానితో మా క్లాసులో ఎన్ని గొడవలో! “కాసేపు కూర్చో నాన్నా” అంటే ఒక బాబుకి చెమటలు పట్టేవి. ఇప్పుడు గడియారం చూపించి “పెద్దముల్లు ఆరు మీదికి వచ్చేదాకా” అంటాను. హాయిగా కూర్చుంటాడు.

క్రిస్టఫర్‌కి రూపకాలు, అంటే ఒకదాన్ని ఇంకొకటిగా చెప్పే మాటలు, నచ్చవు, అవి అబద్ధాలంటాడు. మా దగ్గర ఒక పాప ఉండేది, తొమ్మిదేళ్లు. ఆయమ్మ ఒకరోజు మధ్యాహ్నం “ఆకలికి కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయే” అంది. పాప అన్నం ముట్టలేదు. సాయంత్రం దాకా గౌను పైకెత్తి పొట్టమీద చెవి పెట్టడానికి వంగుతూనే ఉంది. వాళ్లమ్మ వచ్చాక గానీ సంగతి మాకు తెలియలేదు. ఆ పాప ఎన్ని గంటలు భయపడిందో తలచుకుంటే ఇప్పటికీ నా కడుపు తరుక్కుపోతుంది. చూశారా, నేనూ అదే రకం మాట వాడాను.

ఇంకొకటి. క్రిస్టఫర్ చదివేది స్పెషల్ స్కూలు. అక్కడ అంతవరకూ ఎవరూ ఏ-లెవెల్ రాయలేదు, హెడ్‌మిస్ట్రెస్ ఒప్పుకోదు. తండ్రి పోట్లాడి ఒప్పిస్తాడు. మన దగ్గర 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, ఆటిజం లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21కి పెంచి ఆటిజాన్ని చేర్చారు. పరీక్షల్లో రాసిపెట్టే మనిషినీ, గంటకి 20 నిమిషాలకి తగ్గకుండా అదనపు సమయాన్నీ అడిగే వీలుంది. అడగండి. ఒక పరీక్షా కేంద్రంలో “పిల్లాడు చూడ్డానికి బాగానే ఉన్నాడుగా” అని ఆ సమయం ఇవ్వకపోతే, తల్లి కాగితాలు పట్టుకుని గేటు దగ్గర నిలబడి సాధించుకుంది. ఆ రోజు నేను ఆమె పక్కనే ఉన్నాను.

నిశ్శబ్దం_కావాలి · ఆదివారం, రాత్రి 8:20

నాకు ఆటిజం. 31 ఏళ్లకి తేలింది. రుషికొండ వైపు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇక్కడ అందరూ మావాళ్ల పక్కన ఉన్నవాళ్లుగా రాశారు, నేను లోపలి నుంచి రాస్తాను.

రైల్వే స్టేషన్ భాగం నిజం. స్విండన్ స్టేషన్‌లో బోర్డులన్నీ ఒకేసారి కళ్లలో పడి, అక్షరాలు ఒకదానిమీద ఒకటి ఎక్కిపోయినట్టు అచ్చువేసిన పేజీ ఉంటుంది. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో నాకు చెవులతో అదే జరుగుతుంది. భీమిలి బస్సు అనౌన్స్‌మెంటూ, సమోసాల అబ్బాయి కేకా, వెనక్కి తీస్తున్న బస్సుకి కండక్టర్ కొట్టే విజిలూ, ఎవరిదో ఫోన్‌లో పాటా, అన్నీ ఒకే ఎత్తులో వస్తాయి. ఏది నాకోసమో, ఏది కాదో విడదీసే పని మీకు మీ ప్రమేయం లేకుండా జరిగిపోతుంది. నేను చేతితో చేసుకోవాలి. ఇంటికొచ్చాక రెండు గంటలు చీకట్లో పడుకుంటాను.

చిన్నప్పుడు తుని నుంచి పలాస వెళ్తున్నాం. విజయవాడ వైపు నుంచి వచ్చే బండికి విశాఖలో ఇంజను ఈ కొస నుంచి ఆ కొసకి మారుతుంది కదా. అప్పటిదాకా కిటికీలోంచి చెట్లు నా ఎదురు వస్తున్నాయి. బండి కదిలాక నా వీపు వైపు నుంచి రావడం మొదలైంది. ఎవరూ ఏమీ చెప్పలేదు. మేం ఇంటికి వెనక్కి వెళ్లిపోతున్నాం అనుకుని విజయనగరం దాకా అరిచాను. చెంపదెబ్బ పడింది. “ఇంజను అటు తగిలించారు, కానీ పలాసకే వెళ్తున్నాం” అని ఒక్కరు చెప్పి ఉంటే సరిపోయేది. నాకు ఆ విషయం తెలిసింది ఇంజనీరింగ్ చదివేటప్పుడు. ఆ రోజు హాస్టల్ గదిలో కూర్చుని ఏడ్చాను.

నవల్లో నన్ను నొప్పించింది లెక్కలు కాదు. నవ్వు. క్రిస్టఫర్ ఒకటి చెబుతాడు, అతనికి అర్థం కానిది పాఠకుడికి అర్థమవుతుంది, పాఠకుడు నవ్వుతాడు. ఎర్రమట్టి గారు చెప్పిన నైపుణ్యం అదే. ఒప్పుకుంటాను. కానీ ఆ నవ్వు నేను స్కూల్లో రోజూ విన్నాను. అందరికీ తెలిసి నాకొక్కడికే తెలియని నవ్వు. డేమియన్ మిల్టన్ అని ఆటిజం ఉన్న పరిశోధకుడు 2012లో ఒక మాట అన్నాడు. మాకు మీరు అర్థం కానట్టే మీకూ మేము అర్థం కావడం లేదు, లోటు ఇరువైపులా ఉందని. నవల్లో అర్థం చేసుకునే పని అంతా క్రిస్టఫరే చేయాలి. వాళ్ల నాన్న ఎందుకు కోప్పడతాడో అతను నేర్చుకోవాలి. కొందరు మనుషులు అతన్ని అర్థం చేసుకోలేకపోవడం మాత్రం సహజం.

ఎర్రమట్టి గారికి ఒక మాట. కథలో మనిషి అందరికీ ప్రతినిధి కానక్కర్లేదు, నిజమే. కానీ మా గురించి జనం చదివేది ఒకటో రెండో పుస్తకాలే. ఆటిజం ఉన్న శాస్త్రవేత్త టెంపుల్ గ్రాండిన్ తన కథ తాను 1986లోనే రాసుకుంది. ఈ నవలని నాటకం చేసి 2012లో లండన్ నేషనల్ థియేటర్‌లో వేస్తే ఏడు ఒలివియర్ అవార్డులు (అక్కడి నాటక పురస్కారాలు) వచ్చాయి. ఆటిజం ఉన్న మనిషి క్రిస్టఫర్ వేషం కట్టడం మాత్రం 2017లో అమెరికాలో మిక్కీ రో అనే నటుడితో గానీ జరగలేదు. మా మాట మా నోటితో వినడానికి అంత ఆలస్యం అవుతుంది.

ఎర్రమట్టి_దిబ్బలు · ఆదివారం, రాత్రి 9:02

నేను నవ్వినచోట్లు గుర్తు తెచ్చుకుంటున్నాను. ప్రతిదాని దగ్గరికీ మళ్లీ వెళ్లి చదువుతాను. థాంక్స్ అండీ, ఇంత ఓపికగా రాసినందుకు.

గోపాలపట్నం_నాన్న · సోమవారం, రాత్రి 11:48

నేను పెద్దగా పుస్తకాలు చదివేవాణ్ణి కాదు. మా ఆవిడ ఈ చర్చ చూపించింది. నాకు ఒక సంగతి అడగాలని ఉంది.

మా బాబుకి 11. మాటలు వచ్చు కానీ తక్కువ. మా నాన్నగారూ వాడూ రోజూ సాయంత్రం ఆరింటికి సింహాచలం స్టేషన్ కనబడేదాకా నడిచి వెళ్లి, ఒక గూడ్సు, ఒక పాసింజరు చూసి వచ్చేవారు. పోయిన ఆషాఢంలో నాన్నగారు పోయారు. బాబుని అప్పుడు వాళ్ల అమ్మమ్మగారింట్లో ఉంచాం. తట్టుకోలేడని అందరూ అన్నారు. తిరిగి వచ్చాక “తాత ఏడి?” అన్నాడు. “ఊరెళ్లాడు” అన్నాను.

అప్పటినుంచి రోజూ ఆరింటికి తాత చేతికర్ర పట్టుకుని గేటు దగ్గర నిలబడతాడు. తాత ఊరెళ్తే కర్ర తీసుకెళ్తాడు కదా, ఇంట్లోనే ఉందేంటి అని వాడి అనుమానం అనుకుంటా. ఏడింటికి లోపలికి వచ్చి కర్ర మూలన పెడతాడు. వానొచ్చినా అంతే. ఎనిమిది నెలలైంది. ఇప్పుడు నేనంటే కోపంగా ఉంటున్నాడు. నేను పెడితే తినడం లేదు.

ఆ నవల్లో తండ్రి అబద్ధం చెప్పాడన్నారు. చెడ్డవాడా ఆయన? మీరంతా చదివారు కాబట్టి అడుగుతున్నాను. నేను మా ఆవిడ చెప్పగా వినడమే.

నిశ్శబ్దం_కావాలి · మంగళవారం, ఉదయం 6:10

చెడ్డవాడు కాదండీ. వండిపెడతాడు, బడి కోసం పోట్లాడతాడు, కొడుకు తప్పిపోతే వెతుకుతాడు. కానీ నిజం బయటపడ్డాక క్రిస్టఫర్ వాళ్ల నాన్నకి భయపడి ఒంటరిగా లండన్ పారిపోతాడు. రైలు పట్టాల మీదికి కూడా దిగుతాడు. కుక్కని చంపినందుకూ, అబద్ధం చెప్పినందుకూ.

చెప్పేయండి. ‘ఊరెళ్లాడు’ అంటే తిరిగి వస్తాడని. మీ బాబు మీ మాట నమ్మాడు, అందుకే నిలబడుతున్నాడు. ఇన్ని రోజులు ఎవరైనా నిలబడతారా?

బడిగంట · మంగళవారం, ఉదయం 9:30

గోపాలపట్నం గారూ, చెప్పండి, కానీ మాటలు ముందే సిద్ధం చేసుకోండి. ‘దేవుడి దగ్గరికి వెళ్లాడు’ వద్దు, అక్కడినుంచీ రావచ్చు అనుకుంటాడు. ‘నిద్రపోయాడు’ అసలే వద్దు, రాత్రి పడుకోవడానికి భయపడతాడు. “తాత చనిపోయాడు. తాత ఒళ్లు పనిచేయడం ఆగిపోయింది. ఇక రాడు. నేను ఊరెళ్లాడని చెప్పాను, అది తప్పు.” అంతే. ఆరింటికి చాలా ముందు చెప్పండి, బడి లేని రోజు చూసుకోండి. తాత ఫొటో దగ్గర పెట్టుకోండి. ఏడిస్తే ఏడవనివ్వండి, ఏడవకపోయినా కంగారుపడకండి. అదే ప్రశ్న పదిసార్లు అడిగితే పదిసార్లూ అదే జవాబు, అవే మాటల్లో.

అలలపక్క_ఇల్లు · బుధవారం, రాత్రి 10:15

ఈ చర్చ ఇలా వెళ్తుందని అనుకోలేదు. మాస్టారూ, ప్రధాన సంఖ్యని నాన్న దాచలేడు అన్నారే, ఆ మాట పట్టుకుని రెండు రోజులుగా తిరుగుతున్నాను. నేను లెక్కలమీద కోపంతో క్రిస్టఫర్‌ని సరిగ్గా చూడలేదేమో. కోపం మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు.

ఇంకో సంగతి. మూడు రాత్రులుగా అమ్మకి ఈ పుస్తకం తెలుగులో చెప్పుకుంటూ చదివి వినిపిస్తున్నాను. క్రిస్టఫర్ వాళ్లమ్మ జూడీ ఉత్తరాల దగ్గరికి వచ్చాం. తను ఓపిక లేని మనిషినని, వాణ్ణి షాపులో పట్టుకోలేక తిప్పలు పడ్డానని, నాన్నకి ఉన్నంత ఓర్పు తనకి లేదని రాస్తుంది. చివరికి మిసెస్ షియర్స్ భర్తతో వెళ్లిపోతుంది. నాకు జూడీ అంటే మొదటినుంచీ మంట. చదువుతూ చదువుతూ “ఎలా వెళ్లిపోయిందో చూడు” అన్నాను.

అమ్మ కాసేపు ఏమీ అనలేదు. చిక్కుళ్లు ఈనెలు తీస్తోంది. తర్వాత చెప్పింది. తమ్ముడికి అయిదేళ్లప్పుడు, మూడు రాత్రులు వరసగా వాడు నిద్రపోకపోతే, తెల్లవారుజామున వాణ్ణి నాన్న పక్కన పడుకోబెట్టి, చెప్పులేసుకుని, ఆటో ఎక్కి స్టేషన్‌కి వెళ్లిపోయిందట. చేతిలో బ్యాగు కూడా లేదు. ప్లాట్‌ఫారం టికెట్ తీసుకుని బెంచీమీద కూర్చుందట. రెండు బళ్లు వచ్చాయి, వెళ్లాయి. పాలవేళకి తిరిగి వచ్చేసింది. నాన్నకి గుడికి వెళ్లానని చెప్పింది. పందొమ్మిదేళ్లుగా ఎవరికీ చెప్పలేదు.

“ఆవిడ బండెక్కింది, నేను ఎక్కలేదు. మధ్యలో ఉన్నది అంతే” అంది. “ఆవిణ్ణేమీ అనకు.”

మిగతా ఉత్తరం చదవమంది. చదివాను.

లెక్కల_మాస్టారు · బుధవారం, రాత్రి 10:52

మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు తల్లీ.

గోపాలపట్నం_నాన్న · ఆదివారం, రాత్రి 9:20

ఇవాళ చెప్పాను. మేడమ్ రాసిన మాటలు కాగితంమీద రాసుకుని జేబులో పెట్టుకున్నాను. పొద్దున్న టిఫిన్ అయ్యాక, ఫొటో తెచ్చి మధ్యలో పెట్టి, అవే మాటలు చెప్పాను. నా గొంతు వణికింది, వాడు నా గొంతు వైపు చూశాడు. “తాత రాడు” అన్నాడు. రాడు అన్నాను. “ఊరు కాదు” అన్నాడు. కాదు, నేను తప్పు చెప్పాను అన్నాను. ఇదే మధ్యాహ్నం దాకా ఓ ఇరవైసార్లు జరిగింది. ప్రతిసారీ కాగితం చూసి అవే మాటలు చెప్పాను. ఏడవలేదు. మధ్యాహ్నం నేను కలిపి పెడితే పెరుగన్నం తిన్నాడు.

“కర్ర?” అని అడిగాడు ఒకసారి. కర్ర ఇక్కడే ఉంటుంది అన్నాను.

సాయంత్రం ఆరింటికి మూలలోంచి కర్ర తీశాడు. మా ఆవిడా నేనూ ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. గేటు దగ్గరికి వెళ్లలేదు. తెచ్చి నా చేతికి ఇచ్చాడు. ఇద్దరం స్టేషన్ కనబడేదాకా నడిచాం. గూడ్సు వచ్చింది. పాసింజరు అరగంట లేటు, అది వచ్చేదాకా నిలబడ్డాం.